పరంగిమల మెట్లు - ఆర్మీనియా కొండ కథ



ఈవేళ మీతో కొండ ఎక్కడం గురించి నాలుగు మాటలు ముచ్చటించాలని వచ్చాను. కొండ అనగానే మన తెలుగువాళ్ళకు ముందు గుర్తుకొచ్చేది తిరుమల. ఆ తరవాత శ్రీశైలం, సింహాచలం, మంగళగిరి. నేను చెప్పబోయే కొండ వీటిలో ఏదీ కాదు. నిజానికి దాన్ని కొండ అనడం కంటే గుట్ట అంటేనే సబబుగా ఉంటుంది. మన చెన్నపట్నానికి దక్షిణాన, విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, సుమారు మూడు వందల అడుగుల ఎత్తున ఉండే ఆ గుట్టను తమిళంలో పరంగిమలై అంటారు. ఇంగ్లీషులో సెయింట్ థామస్ మౌంట్. మనం పరంగిమల అందాం.

ఈ పరంగిమలకు 1726లో మెట్లు కట్టించినవాడు పోర్చుగీసువాడు కాదు, ఇంగ్లీషువాడూ కాదు. ఆయన ఆర్మీనియా జాతివాడు. పేరు ఖోజా పెట్రూస్ ఉస్కాన్. 2026తో లెక్కవేస్తే ఆ మెట్లకు మూడు వందల ఏళ్ళు. ఎక్కడో నల్లసముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ నడుమనున్న ఆర్మీనియా ఏమిటి, మన మద్రాసు గుట్టకు మెట్లు ఏమిటి? అది తెలుసుకోవడం వల్ల వాషర్‌మెన్‌పేటలో తెలుగు మాట్లాడుకునే మనకు ఒరిగేదేమిటి? ఈ రెండు ప్రశ్నలకూ నాకు తోచిన సమాధానం చెప్పడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం.

ముందు ఆ జాతివారి కొండ గురించి చెబుతాను. ఆర్మీనియన్లకు కొండ అంటే అరారాత్. వాళ్ళ భాషలో దాని పాత పేరు మసీస్. అది అగ్నిపర్వతం. రెండు శిఖరాలు. పెద్దది 5,137 మీటర్లు, అంటే మన పరంగిమల లాంటివి యాభై పైచిలుకు ఒకదానిమీద ఒకటి పేర్చినంత ఎత్తు. చిన్నది 3,896 మీటర్లు. పెద్ద శిఖరం మీద మంచు ఏడాది పొడుగునా కరగదు. జలప్రళయం వచ్చినప్పుడు నోవహు ఓడ వచ్చి ఆగింది ఆ కొండమీదనే అని వాళ్ళ నమ్మకం. మన మత్స్యావతార కథలో మనువు ఓడ హిమాలయ శిఖరానికి చేరినట్టే, అక్కడ నోవహు ఓడ మసీస్ శిఖరానికి చేరింది.

ఆ కొండ ఎక్కడం గురించి వాళ్ళకొక ఐతిహ్యం ఉంది. నిసిబిస్ అనే ఊళ్ళో జేకబ్ అనే సాధువు ఉండేవాడట. ఓడను కళ్ళారా చూడాలని కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. పగలంతా ఎక్కడం, రాత్రి అలసి నిద్రపోవడం. తెల్లవారి లేచి చూస్తే క్రితం రోజు బయలుదేరిన చోటే ఉండేవాడు. ఇలా ఎన్నోసార్లు జరిగింది. చివరికి దేవదూత కలలో కనబడి, పైకి చేరడం మానవుడికి తగదని చెప్పి, ఆయన శ్రమకు మెచ్చి ఓడలోని ఒక కొయ్యముక్క ఇచ్చి పంపాడట. ఆ కొయ్యముక్క ఇదేనంటూ ఎచ్‌మియాద్జిన్ అనే పుణ్యక్షేత్రంలో ఒకదాన్ని ఇప్పటికీ భద్రపరిచి ఉంచారు.

ఈ ఐతిహ్యం ఎంత బలమైనదంటే, 1829లో డోర్పాట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఫ్రెడరిక్ పారట్, ఖచాతూర్ అబోవియాన్ అనే ఆర్మీనియన్ యువకుడు, మరి నలుగురు కలిసి నిజంగానే శిఖరం చేరి దిగివస్తే, చాలామంది మతాధికారులు నమ్మలేదు. దేవుడు వద్దన్న చోటికి మనిషి ఎలా వెళ్ళగలడని వాళ్ళ వాదం. అబోవియాన్ మాత్రం శిఖరంమీది మంచుగడ్డను తీసుకుని, ఆ నీటిని తీర్థంలా సీసాలో పట్టి తెచ్చుకున్నాడు. శాస్త్రజ్ఞుడితో కలిసి ఎక్కినవాడు కూడా భక్తుడిలాగే దిగాడన్నమాట. మరి పదకొండేళ్ళకు, 1840 జులైలో, అదే కొండ కంపించి, పక్క నుంచి బద్దలై, అకోరి అనే గ్రామాన్నీ, జేకబ్ సాధువు పేరున కట్టిన మఠాన్నీ కప్పేసింది. పురాణం చెప్పిన కొండే శాస్త్రం చెప్పే అగ్నిపర్వతం కూడా.

ఆర్మీనియాలోనే అరగాత్స్ అనే మరో అగ్నిపర్వతం ఉంది. 4,090 మీటర్లు. ఎప్పుడో చల్లారిన అగ్నిబిలం చుట్టూ నాలుగు శిఖరాలు, నలుగురు కూర్చుని చలి కాచుకుంటున్నట్టు ఉంటాయి. కొండ నడక సరదా ఉన్నవాళ్ళు కారీ అనే సరస్సు దాకా బండిమీద వెళ్ళి, అక్కడి నుంచి నడిచి దక్షిణ శిఖరం ఎక్కుతారు. దానికీ ఒక కథ. ఆర్మీనియాను క్రైస్తవ రాజ్యంగా మార్చిన గ్రెగరీ మహనీయుడు ఆ కొండమీద ప్రార్థన చేసేటప్పుడు, శిఖరం పైన ఆకాశంలో ఒక దీపం తాడూ గొలుసూ లేకుండా వేలాడేదట. ఇప్పటికీ యోగ్యులైన వాళ్ళకు ఆ దీపం కనబడుతుందంటారు. విచిత్రమేమిటంటే, అదే కొండ వాలుమీద బ్యూరకాన్ అనే చోట 1946లో విక్టర్ అంబార్త్సుమియాన్ అనే జగత్ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు నక్షత్రశాల నెలకొల్పాడు. సాధువు దీపం చూసిన ఆకాశాన్నే శాస్త్రజ్ఞులు దుర్భిణితో చూశారు.

అయితే శ్రోతలారా, ఆర్మీనియన్ల దురదృష్టం ఏమిటంటే, వాళ్ళ గుండెల్లో ఉన్న అరారాత్ వాళ్ళ సరిహద్దులో లేదు. 1921 నాటి ఒడంబడికతో అది టర్కీ వైపే ఉండిపోయింది. 1993లో ఆ రెండు దేశాల నడుమ సరిహద్దు మూసేశారు. రాజధాని యెరెవాన్‌లో మేడమీద నుంచుంటే కొండ ఎదురుగా కనబడుతుంది. ఎక్కాలంటే మాత్రం దేశం దాటాలి. అయినా వాళ్ళ రాజముద్రలో ఆ కొండే ఉంది. ఎక్కలేని కొండను వాళ్ళు కథల్లో ఎక్కుతూ వచ్చారు.

ఈ సంగతి మనసులో పెట్టుకుని మద్రాసుకు వద్దాం. పదిహేడో శతాబ్దం మొదట్లో, 1604, 1605 ప్రాంతంలో, పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ అరస్ నది ఒడ్డునున్న జుల్ఫా అనే ఊరి ఆర్మీనియన్లను మొత్తానికి మొత్తం లేవదీసి, తన రాజధాని ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. వాళ్ళు అక్కడ కొత్త జుల్ఫా కట్టుకున్నారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఆ వర్తకులు పట్టు, వస్త్రాలు, రత్నాల వ్యాపారంతో ఐరోపా నుంచి ఫిలిప్పీన్స్ దాకా పాకారు. మన తీరానికి ఆర్మీనియన్లు రావడం అంతకు ముందే మొదలైంది. 1517లో పులికాట్ రేవులో దిగిన కొందరు పోర్చుగీసులను మైలాపూరులోని సెయింట్ థామస్ స్థలానికి తోడుకుని వెళ్ళింది ఆర్మీనియన్లే. అంటే పరంగులకు దారి చూపించినవాళ్ళు కూడా వాళ్ళేనన్నమాట.

ఇక్కడ మన పేట ప్రస్తావన వస్తుంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కోట కట్టుకున్నది ముఖ్యంగా గుడ్డ కోసం. నేతగాళ్ళు నేసిన గుడ్డను ఉతికి, చలువచేసి, ఓడకెక్కించాలి. ఆ పని చేసే చాకలివారు కాపురమున్న చోటే వణ్ణారపేట, ఇంగ్లీషువాడి నోట వాషర్‌మెన్‌పేట. ఈ ఉత్తర మద్రాసు పేటల్లో నేసేవారిలో, ఉతికేవారిలో, దుబాసీల్లో మన తెలుగువాళ్ళు చాలామంది. ఆర్మీనియన్ వర్తకులు బేరమాడిన సరుకులో ముఖ్యమైనదీ ఆ గుడ్డే. ఇల్లు వదిలి వచ్చిన ఆ జాతీ, గుడ్డను నమ్ముకుని వచ్చిన మనమూ ఒకే ఊళ్ళో ఒకే సరుకు చుట్టూ బతికామని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

పెట్రూస్ ఉస్కాన్ కొత్త జుల్ఫాలో పుట్టినవాడు. మనీలా వ్యాపారంలో బాగా గడించి 1720ల మొదట్లో మద్రాసులో స్థిరపడ్డాడు. ఆ రోజుల్లో కోట నుంచి పరంగిమలకు వెళ్ళే యాత్రికులకు అడ్డంగా అడయారు నది ఉండేది. వానాకాలంలో దాటడం ప్రాణం మీదికి వచ్చే పని. ఉస్కాన్ సైదాపేట దగ్గర ఆ నదిమీద వంతెన కట్టించాడు. దాన్ని మార్మలాంగ్ వంతెన అనేవారు. మాంబళం అన్న మాట ఇంగ్లీషు నోట పడి మార్మలాంగ్ అయింది. దానికి ముప్పై వేల వరహాలు తన సొంత సొమ్ము ఖర్చుపెట్టాడు. ముందు ముందు మరమ్మతుల కోసం మరో పదిహేను వందల వరహాలు విడిగా ఇచ్చి ఉంచాడు. కట్టించేవాళ్ళు చాలామంది ఉంటారు కాని, కట్టినదాన్ని కాపాడడానికి కూడా డబ్బు తీసిపెట్టేవాళ్ళు అరుదు. నది దాటిన యాత్రికుడు కొండ కూడా సుఖంగా ఎక్కాలని అదే 1726లో మెట్లు కట్టించాడు.

మెట్లు కట్టించడం మనకు కొత్త సంగతి కాదు. తిరుమల మెట్ల దారితో మట్ల అనంతరాజు పేరు ముడిపడి ఉంది. మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టే ఆచారం మన ఆడవాళ్ళలో ఇప్పటికీ ఉంది. నడిచేవాడి కాలికింద రాయి వేయడం ఏ మతంలోనైనా పుణ్యమే.

ఉస్కాన్ తరవాతి జీవితం సుఖంగా సాగలేదు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నప్పుడు వాళ్ళ పక్షం చేరడానికి ఆయన ఒప్పుకోలేదు. దాంతో ఆస్తి చాలా భాగం పోయింది. 1751 జనవరిలో కాలం చేశాడు. వేపేరిలో, ఇప్పటి సెయింట్ మత్తయాస్ చర్చి ఉన్న చోట ఆయన సమాధి ఉంది. ఆయన కోరిక ప్రకారం గుండెను మాత్రం వేరుచేసి, పెట్టెలో భద్రపరిచి, పుట్టినూరు జుల్ఫాకు పంపించారని చెబుతారు. దేహం బతికిన ఊరికి, గుండె పుట్టిన ఊరికి. వలస వచ్చినవాళ్ళ మనసు ఎలా ఉంటుందో దీనికంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇక ఆ మెట్లు ఎక్కే విషయం. వాషర్‌మెన్‌పేట నుంచి పరంగిమలకు ఒకప్పుడు బీచ్ స్టేషన్‌లో రైలు మారి వెళ్ళేవాళ్ళం. 2019లో మన పేటకు మెట్రో వచ్చాక, ఇక్కడ ఎక్కి ఆలందూరులో మారితే తరవాతి స్టేషనే సెయింట్ థామస్ మౌంట్. మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను ఒక శనివారం తీసుకుని వెళ్ళాను. తోడుగా ఒక పిల్లవాడి నాయనమ్మ కూడా వచ్చింది. మెట్లు లెక్కపెట్టమని పిల్లలకు పని అప్పగించాను. సగంమంది తెలుగులో, సగంమంది తమిళంలో లెక్కపెట్టారు. నూట ముప్పై దాటిన తరవాత ఒకరి లెక్క ఒకరితో కలవలేదు. దిగువ ద్వారం దగ్గరి మెట్లను కలపాలా, మలుపుల్లోని అరుగులను కలపాలా అని పైకి చేరేదాకా ఒకటే పోట్లాట. నాయనమ్మ మాత్రం లెక్కల జోలికి పోలేదు. అలవాటు కొద్దీ ప్రతి మెట్టుకూ గోవిందా అనుకుంటూ ఎక్కింది. "అవ్వా, ఇది చర్చి కొండ" అని మనవడు చెవిలో చెబితే, "ఏ కొండైతేనేం నాయనా, కాళ్ళు నొప్పులు ఒకటే కదా" అంది. దారి పొడుగునా క్రీస్తు శిలువ యాత్ర ఘట్టాలు వరసగా ఉంటాయి. వాటి దగ్గర ఆగిన భక్తులు ఆమె గోవింద నామం విని నవ్వుతూ దారిచ్చారు.

పిల్లల్లో ఒకమ్మాయి, "టీచర్, ఇది కూడా అగ్నిపర్వతమేనా?" అని అడిగింది. బయలుదేరేముందు అరారాత్ కథ చెప్పి ఉన్నాను, అందుకని. మంచి ప్రశ్న. కాదు. కాని నిప్పుతో దీనికీ చుట్టరికం ఉంది. అగ్నిపర్వతం రాయి పొంగిపోయిన పాలలాంటిది. కుండ దాటి బయటికి వచ్చి చల్లారుతుంది. మన పరంగిమల రాయి బయటికి రాకుండా కుండ అడుగునే ఉడికిన రాయి. సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ కిందట, భూమి లోపల ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున, ఏడెనిమిది వందల డిగ్రీల వేడిలో మగ్గి తయారైంది. పైనున్న రాతిపొరలన్నీ కోట్ల ఏళ్ళపాటు ఎండకూ వానకూ అరిగి కొట్టుకుపోతే, ఇప్పటికి మన కాళ్ళకింద తేలింది. అసలైన లావా రాయి చూడాలంటే తెలంగాణలో వికారాబాదు వైపో, రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి వైపో వెళ్ళాలి. అది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది. పరంగిమల రాయితో పోలిస్తే నిన్న మొన్నటిది.

ఈ నల్లరాయికి చార్నొకైట్ అని పేరు. ఆ పేరు వెనకా ఒక కథ ఉంది. కలకత్తా నగరానికి మూలపురుషుడని చెప్పుకునే జాబ్ చార్నొక్ 1693లో చనిపోతే, ఆయన సమాధికి వాడిన రాయి మద్రాసు వైపు నుంచి వెళ్ళింది. రెండు వందల ఏళ్ళ తరవాత, భారత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు థామస్ హాలండ్ పరంగిమల, పల్లావరం రాళ్ళను పరీక్షించి, సమాధిరాయీ ఇదే జాతిదని గుర్తించి, ఆ జాతికి చార్నొకైట్ అని నామకరణం చేశాడు. అంటార్కిటికాలో దొరికినా, స్కాండినేవియాలో దొరికినా ఈ రకం రాయికి ఇప్పుడు ప్రపంచమంతటా అదే పేరు. మన ఊరి గుట్ట రాయి ప్రపంచ భూగర్భ శాస్త్రానికి కొలతరాయి అయింది.

కొలత అంటే మరొకటి జ్ఞాపకం వస్తోంది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఈ గుట్ట దగ్గర నుంచే ఏడున్నర మైళ్ళ గీత కొలవడం మొదలుపెట్టాడు. యాభై ఏడు రోజులు పట్టింది. ఆ ఒక్క గీత ఆధారంగా త్రికోణాలు అల్లుకుంటూ పోయి, దశాబ్దాల తరవాత హిమాలయాలు కూడా కొలిచారు. ఎవరెస్టు ఎత్తు లెక్కకు పునాది ఈ మూడు వందల అడుగుల గుట్ట పాదం దగ్గర పడింది.

పైన పోర్చుగీసులు కట్టిన చర్చి ఉంది. మరియమాతను అక్కడ నిరీక్షణ మాతగా కొలుస్తారు. 1547లో తవ్వకాల్లో బయటపడిన రాతి శిలువ లోపల ఉంది. దానిమీద పహ్లవీ లిపి, అంటే పాత పర్షియా అక్షరాలు. క్రీస్తు శిష్యుడు థామస్ ఈ గుట్టమీదే ప్రాణాలు విడిచాడని క్రైస్తవుల విశ్వాసం. ఈ కొండను భృంగి మహర్షి తపస్సు చేసిన భృంగిమల అని హిందువులు చెప్పుకుంటారు. పరంగి అంటే ఫిరంగి, అంటే తెల్లవాడు అని మరికొందరి వివరణ. ఒక గుట్ట, దానిమీద యూదయ దేశపు శిష్యుడు, పర్షియా అక్షరం, పోర్చుగీసు గోడ, ఆర్మీనియా మెట్టు, మన భృంగి మహర్షి. ఇంతమంది కథలు మోస్తూ అది ఎవరినీ కిందికి తోయలేదు. అవన్నీ ఒకదానికొకటి పొసగవేమో. కాని ప్రతి కథా ఒక జనం అక్కడికి నడిచి వచ్చారనడానికి గుర్తు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మద్రాసులో ఆర్మీనియన్లు ఎప్పుడూ వందల సంఖ్యకు మించి లేరు. అయినా ఎంత పని చేశారో చూడండి. శహామీర్ శహామీరియాన్ అనే వర్తకుడు 1770 దశకంలో ఇక్కడ అచ్చుయంత్రం పెట్టి, ఇంకా పుట్టని స్వతంత్ర ఆర్మీనియా కోసం రాజ్యాంగం రాయించి అచ్చువేయించాడు. ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మీనియన్ పత్రిక అజ్దరార్ 1794 అక్టోబరులో వెలువడింది యెరెవాన్‌లో కాదు, మద్రాసులో. దాన్ని నడిపిన ఫాదర్ షమవోనియాన్ సమాధి పారిస్ కార్నర్ దగ్గర ఆర్మీనియన్ వీధి చర్చి ఆవరణలోనే ఉంది. ఆ చర్చి ఇప్పటి రూపం 1772 నాటిది. గంటల గోపురంలో ఆరు పెద్ద గంటలు ఉన్నాయి. ప్రార్థనకు వచ్చే ఆర్మీనియన్ కుటుంబాలు మాత్రం లేవు. చర్చి బాగోగులు కలకత్తాలోని ఆర్మీనియన్ సంఘం చూసుకుంటోంది.

ఆ వీధి పేరు తమిళంలో ఏమైందో తెలుసా? అరణ్మనైక్కారన్ వీధి. అంటే రాజభవనం వాడి వీధి. ఆర్మీనియన్ అన్న మాట అర్థంకాని జనం తమకు తెలిసిన మాటతో సరిపెట్టుకున్నారు. ఎవరూ కక్షకట్టి చెరిపింది కాదు. చెప్పేవాళ్ళు లేక పేరు తనంతట తానే అరిగిపోయింది. ఉస్కాన్ కట్టిన వంతెన స్థానంలో 1960 దశకంలో మరైమలై అడిగళ్ వంతెన వచ్చింది. పాత వంతెన తాలూకు శిలాఫలకం మాత్రం మిగిలింది. దానిమీది అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఆ దారిన ఎంతమంది పోతారు?

ఇది పరాయివాళ్ళ కథ అనుకుంటే పొరపాటు. మనం టి. నగర్‌కు పండగ బట్టలకు వెళతాం. టి. నగర్ అంటే త్యాగరాయ నగర్. ఆ త్యాగరాయుడు తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు, 1925లో చనిపోయారు. మన పాత వాషర్‌మెన్‌పేటలో కళాశాలకూ, దాని పక్కన మెట్రో స్టేషన్‌కూ ఆయన పేరే. మా తరగతిలో అడిగాను. ఇద్దరు పిల్లలు అది తిరువయ్యారు సంగీత త్యాగరాజస్వామి పేరన్నారు. మిగతావాళ్ళు ఆలోచించనే లేదన్నారు. అరణ్మనైక్కారన్ వీధికీ దీనికీ ఎంత దూరం?

మా తరగతిలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అందులో తెలుగు చదవగలిగినవాళ్ళు ఏడాదికేడాది తగ్గుతున్నారు. 2006 చట్టం తరవాత తమిళం అన్ని బడుల్లో తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. నేను రెండు భాషల్లోనూ పాఠం చెప్పేదాన్ని. ఈ ఊరి నీళ్ళు తాగి ఈ ఊరి భాష రాదంటే అది మనకే నామోషీ. కాని ఒక భాష నేర్చుకోవడానికి ఇంకో భాష మరిచిపోనక్కరలేదు. ఉస్కాన్ తన వంతెన ఫలకంమీద లాటిన్, పర్షియన్ చెక్కించాడు, ఊరు చదువుకోవాలని. ఆర్మీనియన్ కూడా చెక్కించాడు, తానెవరో తెలియాలని. ఆ పద్ధతి మనకు చాలు.

కొందరు పెద్దలు అంటూంటారు, "ఇక్కడ మన భాషకు రోజులు అయిపోయాయి టీచర్, పిల్లలను ఎందుకు కష్టపెడతారు" అని. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆర్మీనియన్లు ఎక్కలేని కొండను పదహారు వందల ఏళ్ళకు పైగా కథల్లో నిలుపుకున్నారు. దానికి రాజ్యం అక్కరలేకపోయింది. చెప్పే అవ్వ, వినే మనవడు ఉంటే సరిపోయింది. మద్రాసులో ఆ ఇద్దరూ లేకపోయారు కాబట్టే వీధి పేరు మారింది. మన పేటలో అవ్వలు ఇంకా ఉన్నారు. మనవళ్ళూ ఉన్నారు. వాళ్ళిద్దరి మధ్యా మాట నడుస్తోందా అన్నదే ప్రశ్న.

పరంగిమల నుంచి వచ్చిన తరవాత పిల్లలకు ఒక పని చెప్పాను. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను అడిగి, మీ వాళ్ళు ఏ ఊరి నుంచి, ఎందుకు, ఏ పని మీద మద్రాసు వచ్చారో ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. తెలుగు రాయగలిగినవాళ్ళు తెలుగులో, రానివాళ్ళు తమిళ అక్షరాల్లోనైనా సరే, మాట మాత్రం అవ్వ చెప్పిన మాటే ఉండాలన్నాను. ఒకడు కాగితం నిండా నెల్లూరు జిల్లా ఊళ్ళ పేర్లు రాసుకొచ్చాడు. ఒకమ్మాయి, తమ తాత చలువచేసిన బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన జీడిగింజ రసం సంగతి రాసుకొచ్చింది. ఆ గుర్తులు ఏ ఇంటివో చూడగానే చెప్పేవాడట. అది కూడా ఒక లిపే కదా. దాన్ని చదవగలిగినవాళ్ళు ఇక ఆ ఇంట్లో లేరు.

శ్రోతలకు నా మనవి ఇది. వీలున్న సెలవు రోజున పిల్లలను తీసుకుని పరంగిమల వెళ్ళండి. ఎండ ముదరకముందే, ఉదయం పూట అయితే మేలు. నీళ్ళ సీసా మరిచిపోకండి. పైనుంచి అడయారు నదీ, విమానాలు దిగే రన్‌వే, అటు సముద్రం దాకా పరుచుకున్న ఊరూ కనబడతాయి. ఆ నల్లరాయిని చేత్తో తాకి, దాని వయసు ఎంతో చెప్పండి. మెట్టు ఎవరు వేశారో చెప్పండి. దిగేటప్పుడు, మీ ఇంటివాళ్ళు ఈ ఊరికి ఎలా వచ్చారో కూడా చెప్పండి. ఆ చివరిది పుస్తకాల్లో దొరకదు, మీరు చెబితేనే తెలుస్తుంది.